మెంతులు తినండి, మాత్ర మానకండి



ఈ పేజీకి వచ్చే ఉత్తరాలలో షుగరు జబ్బు గురించి అడిగేవే ఎక్కువ. "మెంతులు తింటే చాలా?", "కాకర రసం రోజుకు ఎంత తాగాలి?", "నేరేడు గింజల పొడి మంచిదంటున్నారు, నిజమేనా?" అని మీరు అడుగుతూనే ఉన్నారు. అన్నిటికీ కలిపి ఒకసారి జవాబు వ్రాయాలని ఎంతోకాలంగా అనుకుంటున్నాము. ఈలోగా వచ్చిన ఒక ఉత్తరం ఇక ఆలస్యం చేయకూడదని మమ్మల్ని తొందరపెట్టింది.

ఆ ఉత్తరం వ్రాసినది ఒక పల్లెటూరి సహోదరి. ఆమె భర్త వ్యవసాయం చేసుకుంటారు. వయసు 54. ఆరు సంవత్సరాలుగా షుగరుకు మాత్రలు వాడుతున్నారు. వారి ఊరి సంతకు చూర్ణాలు అమ్మే ఒకతను వస్తాడట. "ఇది మూడు నెలలు వాడండి, జన్మలో మళ్ళీ మాత్ర ముట్టుకోనక్కరలేదు" అని అతను చెప్పిన మాట నమ్మి, ఆయన చూర్ణం మొదలుపెట్టి మాత్రలు మానివేశారు. మూడు నెలలు గడిచాయి. "ఒంట్లో హాయిగానే ఉంది, ఒళ్ళు కూడా తగ్గింది, చూర్ణం బాగా పనిచేస్తోంది" అని ఆయన అంటున్నారు. రక్తపరీక్ష మాత్రం చేయించలేదు. ఇదంతా వ్రాసి చివర ఆ తల్లి ఇలా అడిగారు: పొలంలో ముల్లు గుచ్చుకుని కాలి వేలి దగ్గర పుండు పడింది, నొప్పి లేదు గాని మానడం లేదు, దీనికి వేపాకు ముద్ద వేయమంటారా, కాకర రసం కూడా పట్టమంటారా?

ఆ ఉత్తరానికి పత్రికలో జవాబు వ్రాస్తూ కూర్చునే వ్యవధి లేదు. ఆమె ఇచ్చిన నంబరుకు ఆ రోజే ఫోను చేసి, "అమ్మా, ఏ ఆకూ వేయవద్దు. రేపు తెల్లవారగానే ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళండి" అని చెప్పాము. ఆ తరువాత ఏమి జరిగిందో చివర చెబుతాము. ముందుగా మీరందరూ అడిగిన ప్రశ్నలకు వద్దాము.

షుగరు జబ్బు అంటే ఏమిటి?

మనము తిన్న అన్నము, రొట్టె జీర్ణమై చక్కెరగా మారి రక్తంలోనికి చేరుతుంది. దానిని కండరాలలోనికి పంపేందుకు క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్ అనే రసము ఊరుతుంది. పెద్దవారిలో సాధారణంగా కనిపించేది రెండవ రకం షుగరు. ఇందులో ఇన్సులిన్ ఊరుతుంది గాని శరీరం దాని మాట సరిగా వినదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఊరడం కూడా తగ్గుతుంది. అప్పుడు చక్కెర రక్తంలోనే నిలిచిపోయి కళ్ళను, మూత్రపిండాలను, గుండెను, నరాలను మెల్లగా పాడుచేస్తుంది.

పరగడుపున చేసిన పరీక్షలో 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉంటే షుగరు ఉన్నట్లు లెక్క. 1997 వరకు ఈ హద్దు 140గా ఉండేది. ఆ లోపలే కళ్ళకు హాని మొదలవుతున్నదని తెలిసి హద్దును తగ్గించారు. హెచ్‌బీఏ1సీ అనే మరొక పరీక్ష ఉన్నది. ఇది గడచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 6.5 శాతము గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే షుగరే. ఏ లక్షణాలూ లేనివారికి ఇటువంటి ఫలితము మరొక పరీక్షలో కూడా రావాలి, అప్పుడే ఖాయం చేస్తారు. జబ్బు ఉన్నవారిలో చాలామందికి దీనిని 7 దగ్గరకు తీసుకురావాలని వైద్యులు చూస్తారు.

భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉన్నదని ఆ లెక్క. ఇది ఇక పట్నపు జబ్బు కాదు, ధనికుల జబ్బు అంతకన్నా కాదు.

పెరటి మందులలో ఏది ఎంతవరకు?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు సామెత చెప్పారు. నిజానికి పెరటి చెట్టును, పోపుల పెట్టెను మేము తక్కువ చేయము. కొన్నింటికి గుణమున్న మాట వాస్తవమే. అయితే ఎంత గుణము, ఎంత మోతాదులో, ఎవరికి అన్నది విడివిడిగా చూడాలి.

మెంతులు: మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే వీటిమీద పరీక్షలు చేశారు. 1990లో ప్రచురించిన వారి పరిశోధనలో నూనె తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి ఇచ్చారు. పరగడుపు షుగరు, కొలెస్టరాలు తగ్గాయి. మెంతులలో దాదాపు సగం పీచుపదార్థమే. నీళ్ళలో నానితే జిగురుగా ఉబ్బేది అదే. ఆ జిగురు కడుపులో చేరి, అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలో పడకుండా ఆలస్యం చేస్తుంది. అయితే ఒక్క మాట గమనించండి. వారు ఇచ్చినది 100 గ్రాములు. మనము రాత్రి నానబెట్టి తినే చెంచాడు మెంతులు 5 గ్రాములకు మించవు. చెంచాడుతో కొంత మేలు జరగవచ్చు గాని 300 ఉన్న షుగరు 120కి దిగివస్తుందని ఆశించకూడదు. ఒక చెంచాతో మొదలుపెట్టి మెల్లగా రెండు చేసుకోవచ్చు. మజ్జిగలో, దోసె పిండిలో, రొట్టె పిండిలో కలుపుకోవచ్చు. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు అవుతాయి. మాత్రకు, మెంతులకు మధ్య ఒకటి రెండు గంటల ఎడం ఉంచండి. గర్భిణీలు కూరలో వేసుకునేంత తప్ప మందుగా వాడకూడదు.

కాకరకాయ: చేదు తింటే తీపి జబ్బు పోతుందని మనవారి నమ్మకం. 2011లో థాయిలాండులో కొత్తగా షుగరు వచ్చినవారికి కాకర పొడిని రోజుకు 2 గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూశారు. షుగరు కొద్దిగా తగ్గింది, కాని మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గినంత తగ్గలేదు. 2012లో కోక్రేన్ అనే వైద్య సమీక్షా సంస్థ అప్పటి పరీక్షలన్నీ కలిపి చూసి, కాకరను షుగరుకు మందుగా చెప్పడానికి తగిన రుజువు లేదని తేల్చింది. కూరగా కాకర చాలా మంచిది. అయితే నూనెలో వేయించి, బెల్లం వేసి చేసిన కాకర వేపుడును మందు అనుకోవద్దు!

పొడపత్రి: ఈ ఆకు నమిలి తరువాత చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్లు ఉంటుంది. తీపి తెలియకుండా చేసే గుణము దానికున్నది. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయంవారు 22 మంది రోగులకు, వారి మాత్రలతోపాటు, ఈ ఆకు సారాన్ని రోజుకు 400 మిల్లీగ్రాములు ఏడాదిన్నరకు పైగా ఇచ్చారు. చాలామందికి మాత్రల మోతాదు తగ్గించగలిగారు. ఐదుగురు మాత్రలు లేకుండానే ఉండగలిగారు. ఇది ఆశ కలిగించే మాటే. కాని 22 మంది చాలా తక్కువ. పైగా వారు మాత్ర మానివేసి ఆకు మొదలుపెట్టలేదు. ఆకు వాడుతూ, పరీక్షలు చేయిస్తూ, షుగరు దిగిన తరువాతనే మాత్ర తగ్గించారు. వరుస ఏదో జాగ్రత్తగా గమనించండి.

నేరేడు: గింజల పొడి తరతరాలుగా వాడుకలో ఉన్నది. బ్రెజిలు దేశంలో నేరేడు ఆకుల కషాయాన్ని మాత్రతో పోల్చి చూసి, ఫలితాలను 2006లో ప్రచురించారు. మాత్ర షుగరును తగ్గించింది, కషాయం తగ్గించలేదు. అది ఆకు సంగతి. గింజలను ఆ విధంగా ఎక్కువమందిపై పెద్ద ఎత్తున పరీక్షించి నిలబెట్టిన రుజువు లేదు. కాలంలో దొరికే నేరేడు పండ్లు గుప్పెడు తినండి, నష్టం లేదు.

దాల్చినచెక్క: 2003లో పాకిస్తానులో 60 మందిపై చేసిన పరిశోధనతో దీనికి ఎంతో పేరు వచ్చింది. తరువాత ఇతర దేశాలలో చేసిన పరీక్షలలో ఫలితాలు ఒకేలా రాలేదు. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికే మందపాటి చెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. కూరలో చిటికెడు వేస్తే ఏమీ కాదు. రోజూ చెంచాల కొద్దీ పొడి మింగితే కాలేయానికి చెరుపు.

ఇన్సులిన్ మొక్క: ఇప్పుడు అనేక ఇళ్ళ ముందు కుండీలలో ఈ మొక్క కనిపిస్తున్నది. రోజుకొక ఆకు నమిలితే ఇన్సులిన్ సూది అవసరం లేదని చెప్పుకుంటున్నారు. పేరు చూసి మోసపోవద్దు. సూదిలోని ఇన్సులిన్ ఆ ఆకులో లేదు. ఒకవేళ ఉన్నా ప్రయోజనముండదు. ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. నోటితో మింగితే పప్పులాగ, గుడ్డులాగ జీర్ణమైపోతుంది. అందుకే దానిని సూదితో ఇస్తారు. చిన్నపిల్లలకు, యువకులకు వచ్చే మొదటి రకం షుగరులో ఇన్సులిన్ మానివేస్తే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం. ఆ పిల్లలమీద ఏ ఆకు ప్రయోగమూ చేయకండి, మిమ్మల్ని బ్రతిమాలుతున్నాము.

బెల్లం, తాటిబెల్లం, తేనె: "చక్కెర మానివేశాను, బెల్లం టీ తాగుతున్నాను" అనేవారు ప్రతి ఊరిలో ఉన్నారు. బెల్లంలో అధిక భాగం చక్కెరే. తాటిబెల్లమూ అంతే. తేనెలోనూ చక్కెరలే ఎక్కువ. రంగు మారింది గాని రక్తంలో చేసే పని మారలేదు.

ఆకుకు, మాత్రకు తేడా ఏమిటి?

"ఇంగ్లీషు మందు రసాయనం, ఆకు ప్రకృతి" అని అంటుంటారు. ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటే మీరు ఆశ్చర్యపోతారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం కూడా ఒక మొక్కే. ఐరోపా పచ్చికబయళ్ళలో పెరిగే గలేగా అనే మొక్కను అక్కడివారు పూర్వము నాటువైద్యంలో వాడేవారు. అందులో షుగరును తగ్గించే పదార్థముంది, విషమూ ఉంది. దానిని ఎక్కువగా మేసిన గొర్రెలు చనిపోయేవి. శాస్త్రజ్ఞులు ఆ పదార్థాన్ని పరిశీలించి, దానికి దగ్గర సంబంధమున్న, విషం తక్కువైన మందును తయారుచేశారు. 1957లో ఫ్రాన్సు వైద్యుడు జీన్ స్టెర్న్ దానిని షుగరు రోగులకు ఇచ్చిన ఫలితాలను ప్రకటించారు. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నది అదే.

కాబట్టి తేడా ప్రకృతికి, రసాయనానికి మధ్య కాదు. తేడా కొలతలో ఉన్నది. మాత్రలో 500 మిల్లీగ్రాములు అంటే ప్రతి మాత్రలోనూ అంతే. ఆకులో నేలను బట్టి, ఋతువును బట్టి, లేత ముదురును బట్టి సారం మారిపోతుంది. ఈ రోజు ఎంత మందు తిన్నామో మనకే తెలియదు. కొలత తెలియని మందును నమ్మి, కొలత తెలిసిన మందును వదులుకోవడం ఏమి లెక్క?

పొట్లంలో ఏమున్నది?

మెంతులు, కాకర మనకు తెలిసినవి. పేరు ఊరు లేని పొట్లాల సంగతి వేరు. 2000 సంవత్సరంలో అమెరికాలోని కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ, షుగరుకు మూలికా మందులని అమ్ముతున్న కొన్నింటిని పరీక్షిస్తే వాటిలో గ్లైబ్యురైడ్, ఫెన్‌ఫార్మిన్ అనే ఇంగ్లీషు మందులే బయటపడ్డాయి. గ్లైబ్యురైడ్ అంటే మన వైద్యులు వ్రాసే గ్లిబెన్‌క్లమైడే. రెండవదైన ఫెన్‌ఫార్మిన్ ప్రమాదకరమని ఆ దేశం 1970లలోనే అమ్మకం ఆపివేసిన మందు. 2004లో బోస్టను నగరపు దుకాణాలలో దొరికే 70 రకాల ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 రకాలలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నది. ఇవి మూత్రపిండాలకు, నరాలకు హాని చేసేవి.

చూర్ణం వేసుకోగానే మాత్ర కన్నా వేగంగా షుగరు పడిపోతే సంతోషించకండి, అనుమానించండి. పేరు, తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబరు లేని పొట్లాన్ని ఇంటికి తేవద్దు. షుగరును నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరము. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టంలో షుగరు జబ్బు పేరు ఉన్నది. గోడమీద వ్రాసినా, కరపత్రం పంచినా, సెల్‌ఫోనులో పంపినా అట్టి ప్రకటనను నమ్మనక్కరలేదు.

రసాల విషయంలో ఇంకొక హెచ్చరిక. 2010లో ఢిల్లీలో షుగరు ఉన్న ఒక అధికారి సొరకాయ, కాకరకాయ కలిపి తీసిన రసం తాగి మరణించారు. చేదెక్కిన సొరకాయలో విషముంటుంది. కాకర చేదులో సొరకాయ చేదు తెలియదు. సొరకాయ ముక్కను ముందుగా నాలుకకు తగిలించి చూడండి, చేదుగా ఉంటే పారవేయండి. తిప్పతీగను కూడా ఇష్టం వచ్చినట్లు తాగవద్దు. దానిని వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో వెల్లడించారు.

బలం మాత్రల మాట

మందుల షాపులో క్రోమియం, జింకు, రకరకాల విటమిన్ల సీసాలు షుగరు వారికోసమని అమ్ముతారు. శరీరంలో లోపము లేనివారికి వాటివలన షుగరు తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పెసలు, ఆకుకూరలు కొనుక్కోండి. ఒక్కటి మాత్రం మరువవద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గిపోతుంది. అరికాళ్ళ మంటలు, తిమ్మిరి, నీరసం ఉంటే వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుకోండి. లోపముంటే వారే మందు ఇస్తారు. దానికోసం మెట్‌ఫార్మిన్ మానవలసిన అవసరం రాదు.

నిజమైన పెరటి వైద్యం

మన చేతిలో ఉన్న గొప్ప సహజ వైద్యం కంచంలోను, కాళ్ళలోను ఉన్నది. చెన్నైలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. షుగరు రాబోయే దశలో ఉన్నవారు ఆహారం సరిచేసుకుని, నడక పెంచుకుంటే జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతుకు పైగా తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఇచ్చినవారిలోనూ దాదాపు అంతే తగ్గింది. అనగా నడక మాత్రతో సమానంగా నిలబడింది. బ్రిటనులో 2017లో వెలువడిన పరిశోధనలో బరువు బాగా తగ్గించుకున్న షుగరు రోగులలో దాదాపు సగంమందికి, వైద్యుల పర్యవేక్షణలో, ఏడాది నాటికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. వారిని ఆ స్థితికి తెచ్చినది ఆకు పసరు కాదు, తగ్గిన బరువు.

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు పెట్టుకోండి. పావు వంతు పప్పు, గుడ్డు గాని చేప గాని ఉండాలి. మిగిలిన పావు వంతే అన్నం. తెల్లన్నం గుట్టగా పోసుకుని, పక్కన చెంచాడు కాకర కూర వేసుకుంటే ఫలితముండదు. మన తాతల కాలపు జొన్నలు, కొర్రలు, సజ్జలు మళ్ళీ తెచ్చుకోండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 2021లో అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసి, చిరుధాన్యాలు క్రమంగా తిన్న షుగరు రోగులలో పరగడుపు షుగరు 12 శాతం తగ్గినట్లు తెలిపింది. అయితే మెత్తని పిండితో కాచిన రాగిజావ గ్లాసుల కొద్దీ తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది. జావకంటే రొట్టె, సంకటి మేలు, అదీ కొలతగానే. భోజనమైన తరువాత మంచమెక్కకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. వారానికి మొత్తం 150 నిమిషాల నడక ఉండాలి. పొలం పనులు లేని నెలలలో ఈ మాట మరీ గుర్తుంచుకోండి.

ఉపవాసం ఉండేవారికి

ఉపవాస ప్రార్థనకు ముందుగా వైద్యునితో మాట్లాడండి. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మందు వేసుకుని అన్నం తినకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. కొలిస్తే 70కి తక్కువ ఉంటుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపొండి. మాత్రలతోపాటు కాకర రసం, పొడపత్రి కలిపి వాడేవారికి కూడా ఈ ప్రమాదముంది. "మాత్ర వేసుకుంటున్నారంటే విశ్వాసం తక్కువ" అని ఎవరైనా అంటే మనసు నొచ్చుకోవద్దు. లూకా వైద్యుడే కదా! మందు మానడం విశ్వాసానికి కొలత కాదు.

వాడాలనుకుంటే ఇలా వాడండి

మెంతులో, పొడపత్రో వాడి చూడాలని మీకు గట్టిగా ఉంటే మేము కాదనము. అయితే ఈ వరుసలో చేయండి.

1. మొదలుపెట్టక ముందు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించి తేదీతో నోటు పుస్తకంలో వ్రాసుకోండి.

2. ఏమి వాడబోతున్నారో వైద్యునికి దాచకుండా చెప్పండి. మూత్రపిండాల జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణీలు, రక్తం పలుచబడే మందు వాడేవారు ఆయన సరేనంటేనే వాడాలి.

3. ఒకసారి ఒకటే వాడండి. నాలుగు కలిపితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

4. మాత్రలు యథావిధిగా వేసుకోండి. మధ్యమధ్య షుగరు చూపించుకుంటూ ఉండండి.

5. మూడు నెలలకు మళ్ళీ అవే పరీక్షలు చేయించి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గితే పుస్తకం వైద్యునికి చూపండి, మాత్ర తగ్గించేది ఆయన. తగ్గకపోతే ఆ ఆకుకు సెలవివ్వండి.

ఒంట్లో హాయిగా ఉందన్నది పరీక్ష కాదు. షుగరు 250 ఉన్నా ఎందరికో ఏమీ తెలియదు.

ఆ సహోదరి భర్త సంగతి

మరునాడు ఆయనను జిల్లా కేంద్రానికి తీసుకువెళ్ళారు. షుగరు 412 ఉన్నది. ఒళ్ళు తగ్గినది చూర్ణం గుణము వలన కాదు. రక్తంలోని చక్కెరను వాడుకోలేక శరీరం తన కండను, కొవ్వును తానే కరిగించుకుంటున్నది. పుండు నొప్పి లేకపోవడం కూడా మంచి గుర్తు కాదు. నరాలు మొద్దుబారి, నొప్పి తెలియలేదు. లోపల చీము ఎముకను చేరింది. రెండు వారాలు ఇన్సులిన్, సూదిమందులు ఇచ్చి, ఒక వేలు తీసివేశారు. కాలు దక్కింది. ఇంకొక వారం ఆగితే పాదం పోయేదని వైద్యులు చెప్పారట.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయింది మా పని. ఇంకొకరికి ఇలా కాకూడదు, పేరు లేకుండా వ్రాయండి" అని ఆ సహోదరే మాకు ఫోనులో చెప్పారు. ఆయన ఇప్పుడు చెప్పులు లేకుండా పొలంలో అడుగుపెట్టడం లేదు. రెండు పూటలా మాత్రలు వేసుకుంటున్నారు. ఉదయం మెంతులు కూడా తింటున్నారు. వైద్యునికి చెప్పే తింటున్నారు. గోడకు వ్రేలాడే క్యాలెండరు మీద ప్రతి నెలా షుగరు అంకె వ్రాసేది మాత్రం వారి చిన్న కూతురట.

మీ ఇంట్లో షుగరు ఉన్నవారు ఎవరైనా ఈమధ్య మాత్రలు మానివేశారేమో ఈ రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా అడగండి. కోపపడవద్దు. మానివేసి ఉంటే రేపే రక్తపరీక్షకు తీసుకువెళ్ళండి. అలాగే వారి పాదాలు రెండూ ఒకసారి వెలుతురులో చూడండి.

వచ్చే నెల ఇదే పేజీలో షుగరు ఉన్నవారు పాదాలను ఎలా కాపాడుకోవాలో వివరంగా వ్రాస్తాము.